అరిసెలు నేను రాకముందే పంచేశారు

ఉద్దానం నుంచి ఒక తల్లి ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కనుక గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేసి, సంగతి మాత్రం చెబుతాను.

ఆమె ప్రభుత్వ ఉపాధ్యాయిని. శ్రీకాకుళం జిల్లాలోనే, కొండ దిగువన ఉన్న ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నారు. టెక్కలిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. భర్తది సరుకు ఓడలో ఉద్యోగం. ఒకసారి ఓడ ఎక్కితే ఎనిమిది తొమ్మిది నెలల వరకు ఇంటి ముఖం చూడలేరు. ప్రసూతి సెలవు అయిపోయాక మరో రెండు నెలలు ఎలాగో నెట్టుకొచ్చి, పాపను ఎనిమిదో నెలలో ఉద్దానంలోని అత్తగారి దగ్గర వదిలారు. ఇప్పుడు పాపకు ఇరవై నెలలు. ఈమె శనివారం బడి అయ్యాక పలాసలో బస్సు మారి చీకటి పడే వేళకు ఇల్లు చేరతారు. సోమవారం తెల్లవారుజామున మళ్లీ బయలుదేరతారు.

పాపకు పద్నాలుగో నెలలో నడక వచ్చింది. ఒక మంగళవారం నాడు తొలి అడుగులు వేసింది. బుధ, గురువారాల్లో అత్తగారు బియ్యం నానబెట్టి, పిండి కొట్టించి, పాకం పట్టి అరిసెలు వండారు. వాటి మీద పాప చేత అడుగులు వేయించి, శుక్రవారం వీధి వీధంతా పంచారు. శనివారం రాత్రి ఈమె ఇల్లు చేరేసరికి స్టీలు డబ్బాలో రెండు అరిసెలు మిగిలి ఉన్నాయి. "నా కూతురి తొలి అడుగులకు నేను చుట్టపుచూపుగా వచ్చినదానిలా డబ్బా మూత తీసి తిన్నాను" అని రాశారు. ఇది జరిగి ఆరు నెలలు దాటింది.

ఇంతకంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. పాప నానమ్మను "అమ్మ" అంటుంది. కన్నతల్లిని "మాయి" అంటుంది. శనివారం రాత్రి ఈమెను చూడగానే వెళ్లి నానమ్మ చీర చాటున దాక్కుంటుంది. ఆదివారం రాత్రి మాత్రం ఎంత జోకొట్టినా నిద్రపోదు, తల్లి కొంగు వదలదు. మాటలు చూస్తే "అమ్మ, తాత, నాన్న, మాయి, బువ్వ, ఈ ఐదే". తోటి ఉపాధ్యాయిని కొడుకు అదే వయసువాడు, పాటలు పాడుతున్నాడట. అత్తగారేమో "మా అబ్బాయికి మూడో ఏట మాటలొచ్చాయి, కంగారెందుకు" అంటూ వస కొమ్ము అరగదీసి నాలుకకు రాద్దామంటున్నారు. అన్నం పెట్టాలంటే ఫోనులో బొమ్మల పాటలు పెట్టాల్సిందే.

సంక్రాంతి సెలవుల్లో మాటా మాటా పెరిగి, "నా బిడ్డను నాకు కాకుండా చేస్తున్నారు" అని ఈమె అనేశారు. అప్పటినుంచి అత్తగారు రోజూ పంపే వీడియోలు ఆగిపోయాయి. ఉత్తరంలో ఈ విషయానికి దక్కింది ఒక్క వాక్యమే. చివర ఇలా అడిగారు: "పాపను నాతో తెచ్చేసుకోనా? దానికి మాటలు ఆలస్యమవుతున్నాయా? అసలు దానికి నేను అమ్మనేనా?"

*

మీ మూడు ప్రశ్నల్లో మూడోదానికి ముందు జవాబు చెబుతాను. అది మనసులో మెదులుతున్నంతసేపూ మిగతా రెండూ సరిగా ఆలోచించలేరు.

మీ ఇంట్లో అత్తగారిని ఎవరెవరు ఏమని పిలుస్తారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీ భర్త ఫోను చేసినప్పుడల్లా మొదటి మాట "అమ్మా". ఊళ్లోనే ఉన్న మీ ఆడపడుచు రోజుకు రెండుసార్లు వచ్చిపోతారని రాశారు. ఆవిడా "అమ్మా" అనే పిలుస్తారు కదా. అంటే పాప వినే లోకంలో "అమ్మ" అన్నది ఆ మనిషి పేరు. మరి మీరు శనివారం వాకిట్లోకి రాగానే అత్తగారు ఏమంటారు? "అమ్మాయి వచ్చింది" అంటారని మీ ఉత్తరం మూడో పేజీలో ఉంది. ఆ "అమ్మాయి"లో పాప నోరు తిరిగినంత ముక్క "మాయి". నాన్న ఎక్కడున్నారని అడిగితే ఫోను చూపిస్తుందని కూడా మీరే రాశారు. పాప ఎవరినీ కాదనలేదు. తాను విన్న పేర్లతో, విన్నవి విన్నట్టుగా, ఎంతో శ్రద్ధగా అందరినీ పిలుస్తోంది.

మా ఉమ్మడి ఇల్లు విజయనగరంలో ఉండేది. బాబాయిలు మా అమ్మను "వదినా" అనేవారు. నేనూ బడిలో వేసే దాకా మా అమ్మను వదినా అనే పిలిచానట. వెనకటి ఇళ్లలో తల్లిని అక్క అనీ, వదిన అనీ, నానమ్మను అమ్మ అనీ పిలుస్తూ పెరిగిన పిల్లలు వీధికి నలుగురుండేవారు. వాళ్లలో ఎవరికీ తన తల్లి ఎవరో తెలియకుండా పోలేదు.

ఇక ఆదివారం రాత్రి సంగతి. సోమవారం పాప నిద్ర లేవకముందే చప్పుడు కాకుండా వెళ్లిపోతానని రాశారు. ఏడిస్తే చూడలేక అలా చేస్తున్నారు, అర్థమైంది. కానీ పాప వైపు నుంచి చూడండి. కళ్లు మూసుకుంటే మాయి మాయమైపోతుంది. అందుకే కళ్లు మూయదు. ఇరవై నెలల పిల్ల తన నిద్రను ఆపుకుని మిమ్మల్ని కాపలా కాస్తోంది. మీ ప్రశ్నకు ఇంతకంటే పెద్ద జవాబు నా దగ్గర లేదు. శనివారం రాత్రి చీర చాటున దాక్కోవడం కూడా ఇందులో భాగమే. ఆరు రోజులు కనబడని మనిషి దగ్గరికి మళ్లీ చేరడానికి చిన్నపిల్లలకు ఒక గంటో రెండు గంటలో పడుతుంది. ఆ గంటలో చేతులు చాచి పిలవకండి, ఎత్తుకోబోకండి. పక్కనే కూర్చుని అత్తగారితో మాట్లాడుతూ ఉండండి. పాపే వస్తుంది.

పిలుపు మార్చాలనుకుంటే దారి ఉంది. పాప వినేలా మాట్లాడేటప్పుడు ఇంట్లో అందరూ, ఫోనులో మీ భర్తతో సహా, అత్తగారిని "నానమ్మ" అనీ మిమ్మల్ని "అమ్మ" అనీ అనాలి. "నానమ్మకు ఫోను ఇవ్వు", "అమ్మ వచ్చింది చూడు" అనాలి. పాప "మాయి" అన్నప్పుడు "కాదు, అమ్మ అను" అని దిద్దకండి. "ఊఁ, అమ్మ వచ్చింది" అని పలకండి, చాలు. మారడానికి వారాలు పట్టవచ్చు, నెలలూ పట్టవచ్చు. ఇంకో దారి, ఉన్నది ఉన్నట్టు వదిలేయడం. బడి వయసుకు అదే సర్దుకుంటుంది, కాకపోతే అప్పటిదాకా ఆ పిలుపు విన్న ప్రతిసారీ మీకు ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మీ ఉత్తరం చదివాక, మొదటి దారే మీకు ఊరటనిస్తుందని నాకు అనిపించింది. అయితే ఒక జాగ్రత్త. ఈ మాట అత్తగారికి ఎలా చేరుతుందన్నది ముఖ్యం. "మిమ్మల్ని అమ్మ అనకూడదట" అని చేరితే ఆవిడ నుంచి ఒకటి లాక్కున్నట్టు అవుతుంది. "దానికి నానమ్మ అనే పిలుపు కూడా నేర్పుదాం" అని చేరితే ఒకటి ఇచ్చినట్టు అవుతుంది.

మాటల విషయానికి వస్తాను. మీరు ఐదు మాటలన్నారు. నేను మీ ఉత్తరం దగ్గర పెట్టుకుని మళ్లీ లెక్కపెట్టాను. దూడ కనబడితే "అంబా" అంటుందని ఒకచోట రాశారు. కుక్కను చూసి "బౌ" అంటుందని ఇంకోచోట ఉంది. వీధిలో పోయే ప్రతి ఆటోకూ "టాటా" చెబుతుంది. పక్కింటి ఒడియా ముసలమ్మ దగ్గర దాహమైతే "పాణి" అని అడుగుతుందని మీరు కాస్త కష్టపడుతూ రాశారు. ఇవన్నీ మాటలే. ఒక వస్తువుకో ప్రాణికో ఎప్పుడూ ఒకే శబ్దం వాడితే అది మాట కిందే లెక్క. ఒడియాలో అన్నా మాటే. రెండు భాషలు వింటే మాటలు ఆలస్యమవుతాయన్నది నిజం కాదు. ఉద్దానంలో, ఇచ్ఛాపురం వైపు తరతరాలుగా పిల్లలు రెండూ వింటూనే పెరిగారు. మొత్తం తొమ్మిది మాటలయ్యాయి.

ఏడాదిన్నర వయసుకు అమ్మ, నాన్న కాక మరో మూడు మాటలైనా అనే ప్రయత్నం చేయాలనీ, రెండేళ్లకు "బువ్వ కావాలి" లాగా రెండేసి మాటలు కలపాలనీ వైద్యులు గమనిస్తారు. అంతకంటే ముందు చూసేవి వేరే ఉన్నాయి. వేలు పెట్టి చూపిస్తుందా, పిలిస్తే తిరిగి చూస్తుందా, చెప్పింది అర్థమవుతుందా అన్నవి. మీ పాప కొబ్బరిచెట్టు మీద కాకిని వేలితో చూపించి మీ ముఖం వైపు చూస్తుంది. "తాత చెప్పులు తే" అంటే తెస్తుంది. ఇవి మంచి గుర్తులు. అయినా ఉత్తరం చదివి పిల్ల ఎలా ఉందో తేల్చకూడదు. రెండుసార్లు చెవి కారిందని రాశారు. దాని గురించి మాత్రం ఆగవద్దు. మాటలు కాస్త వెనకబడ్డాయన్న అనుమానం ఉన్న ఏ పిల్లకైనా ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చెవిలో నీరు చేరి మాటలు మందంగా వినబడే పిల్లలు కూడా పెద్ద శబ్దాలకు తిరిగి చూస్తారు. అందుకే ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంది. మీ బడికి పిల్లలను పరీక్షించడానికి వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం మీకు కొత్త కాదు. 2013లో మొదలైన ఆ కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలకు వర్తిస్తుంది. ఎదుగుదలలో ఆలస్యాన్ని గుర్తించి చికిత్స చేయడానికి జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రాలు దాని కిందే పెట్టారు. బడి పిల్లల కోసం మీరు నింపే కాగితాల వెనక ఉన్న ఆ సదుపాయం మీ పాపకూ ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తనో ఆశా కార్యకర్తనో అడిగితే పంపే ఏర్పాటు చేస్తారు.

"మా అబ్బాయికి మూడో ఏట వచ్చాయి" అన్న అత్తగారి మాట అబద్ధం కాదు, అలా వచ్చిన పిల్లలు ఉంటారు. కానీ ఎవరికి వాటంతట అవే వస్తాయో, ఎవరికి సాయం కావాలో ముందుగా చెప్పగలవారు లేరు. పరీక్షలో ఏమీ లేదని తేలితే పోయేది ఒక పూట. ఉండి చూడకపోతే పోయేది ఏడాది.

వస మాత్రం వద్దు. వాగుడు పిల్లను వసపిట్ట అనడం మన భాషలోనే ఉంది, అంతగా నమ్మకం పాతుకుపోయింది. కానీ వస కొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో అది క్యాన్సర్ కారకమని తేలడంతో అమెరికాలో 1968లోనే ఆహార పదార్థాల్లో వసను నిషేధించారు. మీరు చెబితే గొడవ అవుతుందనుకుంటే పిల్లల డాక్టరు చేత, అత్తగారు ఎదురుగా ఉండగా చెప్పించండి.

ఫోను గురించి కూడా అత్తగారి మీద కోపం పెట్టుకోకండి. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులతో, పరుగెత్తే పిల్ల వెనక గిన్నె పట్టుకుని తిరగలేక ఫోను పెట్టారు. అయినా మానాల్సిందే. రెండేళ్లలోపు పిల్లలకు తెర ముందు కూర్చోబెట్టే సమయం అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. బొమ్మల పాట పాపతో మాట్లాడుతున్నట్టే ఉంటుంది గానీ, పాప "అంబా" అంటే "ఆఁ, అంబా గడ్డి మేస్తోంది" అని తిరిగి పలకదు. మాటలు వచ్చేది ఆ తిరుగు పలుకుతో. నాన్న వీడియో కాల్ ఈ లెక్కలోకి రాదు, అది మనిషితో మాట. అన్నం వేళ పాపను అరుగు మీద కూర్చోబెట్టి, దూడనూ కాకినీ చూపిస్తూ పెట్టమనండి. మొదటి నాలుగైదు రోజులు తక్కువ తింటుంది. ఆ రోజుల్లో ఇంట్లో మరో మనిషి ఉండాలి. అందుకే ఆ మార్పు మీరు సెలవులకు వెళ్లాక మొదలుపెట్టడం న్యాయం, వారం మధ్యలో ఫోను చేసి ఆజ్ఞ ఇవ్వడం కాదు.

ఇక పాపను తెచ్చేసుకోవడం. టెక్కలి గదికి ఇప్పుడే తెచ్చుకుంటే రాత్రులు మీ పక్కన ఉంటుంది, రోజూ మిమ్మల్ని చూస్తుంది. అది చిన్న సంగతి కాదు. కానీ పగలు ఎవరు చూస్తారు? అంగన్‌వాడీలో బడి చదువు మూడేళ్లు నిండిన పిల్లలకే, ఇరవై నెలల పిల్లను రోజంతా అక్కడ ఉంచడం కుదరదు. తెలియని ఆయా చేతిలో పెట్టాలి. అదీగాక ఎనిమిదో నెల నుంచీ రోజూ చూసిన నానమ్మ, తాత, దూడ, పక్కింటి ముసలమ్మ అందరూ ఒక్క రోజులో మాయమవుతారు. ఆదివారం రాత్రి పడే బెంగే వారమంతా పడుతుంది, ఈసారి నానమ్మ కోసం.

అత్తగారిని కూడా టెక్కలికి రమ్మనడం వినడానికి బాగుంటుంది. కానీ మార్చి వచ్చిందంటే మీ తోటలో జీడిపిక్కలు ఏరడం మొదలవుతుంది, మే దాకా ఆ పని వదలదు. మామగారు ఒక్కరూ చేసుకోలేరని మీరే రాశారు. జూన్ తర్వాత అయితే అడగవచ్చు. అడిగే ముందు మరో గది ఉన్న ఇల్లు చూసుకోండి. ఒక్క గదిలో అత్తాకోడళ్లు ఇద్దరూ ఉంటే ఇప్పటి దూరం కంటే కష్టంగా ఉంటుంది.

నాకు సబబుగా తోచింది వేరే ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా మీకు వేసవి సెలవులు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు శిశు సంరక్షణ సెలవు 180 రోజులు ఉంది, విడతలుగా వాడుకోవచ్చు. ఆ సెలవు మాటే మీ ఉత్తరంలో లేదు. సెలవుల తర్వాత దాన్నుంచి ఒక విడత తీసుకుంటే పాపకు రెండేళ్లు నిండే సమయానికి మీరు వరుసగా కొన్ని నెలలు పక్కన ఉంటారు. ఏకోపాధ్యాయ పాఠశాల కనుక మీ స్థానంలో ఎవరినైనా సర్దాలి, మండల విద్యాధికారి వెంటనే ఒప్పుకోకపోవచ్చు, మీ బడి పిల్లలకూ కొంత నష్టమే. అందుకే దరఖాస్తు ఆఖరి నిమిషంలో కాక ఇప్పుడే పెట్టండి. ఆ నెలల్లో పాప మీకు పూర్తిగా అలవాటైతే, తర్వాత ఎక్కడ ఉంచాలన్నది అప్పుడు తేలిగ్గా తేలుతుంది. బదిలీ వస్తే సరే, దాని మీదే ఆశ పెట్టుకుని పిల్ల విషయం ఆపవద్దు.

అరిసెల గురించి ఇంత ఆలస్యంగా ఎందుకు మాట్లాడుతున్నానంటే, అది మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ చోటు పట్టింది, నా మనసులోనూ పట్టింది. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు, పలికితే చిలకలు. పిల్ల ఎదుగుదలను నాలుగిళ్లకు తీపితో చెప్పుకున్న మనుషులు మనవాళ్లు. మీ అత్తగారు ఆదివారం దాకా ఆగి ఉండాల్సింది. అరిసెలు రెండు మూడు రోజుల్లో పాడయ్యేవి కావు, పాప అడుగులు ఎక్కడికీ పోవు. మీకు తగిలిన దెబ్బ నిజమైనది, దాన్ని చిన్నది చేయను. పద్నాలుగో నెలలో నడిచిందని మీ పెద్దమ్మగారి కోడలు దెప్పిన మాట మాత్రం తీసేయండి. భారత్ సహా ఐదు దేశాల పిల్లలను చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన లెక్కల్లో ఎనిమిదో నెల నుంచి దాదాపు పద్దెనిమిదో నెల దాకా ఎప్పుడు నడిచినా మామూలే. వాళ్ల అబ్బాయి పదకొండో నెలలో నడవడం, మీ పాప పద్నాలుగో నెలలో నడవడం రెండూ సమానమే.

కానీ ఆ డబ్బాలోని రెండు అరిసెలు మీరు చూసినట్టు నేను చూడలేకపోయాను. వీధంతా పంచి, ఇంట్లో చుట్టాలు తిని, ఒక రోజు గడిచాక కూడా అవి రెండూ ఉన్నాయంటే ఎవరో వాటిని తీసి దాచారు. పాప అడుగులు పడినవి అవేనేమో మీరు అడగలేదు, ఆవిడా చెప్పలేదు. "నా బిడ్డను నాకు కాకుండా చేస్తున్నారు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఏడాదిగా పగలూ రాత్రీ పిల్లను మోసిన మనిషికి ఆ మాట ఎక్కడ తగిలి ఉంటుందో మీరు ఊహించగలరు, అందుకే ఒక్క వాక్యంలో దాటేశారేమో. వీడియోలు ఆగింది మీ మీద కసితో కాకపోవచ్చు. పాప నవ్వు పంపినా నేరమే అవుతుందేమోనన్న భయం కావచ్చు. ఈ శనివారం వెళ్లినప్పుడు పాప పడుకున్నాక ఆ మాట వెనక్కి తీసుకోండి. కారణాలు చెప్పకండి, అరిసెల ఊసు అప్పుడే ఎత్తకండి. "ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తయ్యా" అంటే చాలు. ఆవిడ వెంటనే కరగకపోవచ్చు, లేచి వంటింట్లోకి వెళ్లిపోవచ్చు. పోనివ్వండి. ఒకటి రెండు వారాల తర్వాత, పాప రెండు మాటలు కలిపి పలికిన రోజు చిలకలు పంచేది ఆవిడా మీరూ కలిసేనని, ఆదివారమే పంచాలని అడగండి. అప్పుడు మీ బాధ ఏమిటో ఆవిడకు మీరు వివరించక్కర్లేదు.

సోమవారం దొంగచాటుగా వెళ్లడం ఈ వారంతోనే ఆపేయండి. ఆదివారం రాత్రే పాపకు చెప్పండి, అర్థం కాదనుకోకండి: "అమ్మ పొద్దున బస్సెక్కి బడికి వెళుతుంది, శనివారం వస్తుంది." తెల్లవారుజామున లేపి, ముద్దుపెట్టి, నానమ్మ చేతికి అందించి వెళ్లండి. మొదటి రెండు మూడు సోమవారాలు గట్టిగా ఏడుస్తుంది. ఆ ఏడుపు వింటూ బస్సు ఎక్కడం మీకు కష్టమే. కానీ చెప్పి వెళ్లిన మనిషి చెప్పినట్టే తిరిగి వస్తుందని తెలిశాక ఆదివారం రాత్రులు నిద్రపోతుంది. వాకిట్లో నానమ్మ చంకన ఉండి వీధిలో వెళ్లే ఆటోలన్నిటికీ టాటా చెప్పే పిల్ల, ఇంతవరకు మీకు ఒక్కసారి కూడా చెప్పలేదు.